ఖుద్దకుల రాయి: ఎర్రగుడి శాసనాన్ని నందికొట్కూరునుంచి చదవడం

రాయలసీమలో రాళ్లకు కరువు లేదు. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లు ఎక్కడెక్కడి ఇండ్లలోనో నేలమీద పరుచుకొని వున్నాయి. కడప రాయంటే మద్రాసులో, బెంగుళూరులో తెలియని మేస్త్రీ లేడు. ఆ రాయిని గనిలో కొట్టేవాళ్లు, పలకలు లేపేవాళ్లు, లారీకి ఎత్తేవాళ్లు వడ్డెర్లు, మాల మాదిగ కూలీలు, భూమిలేని బోయలు. ఇదే సీమలో సుమారు 2,250 ఏండ్ల కిందట అక్షరాలు చెక్కిన బండలు కూడా వున్నాయి. ప్రభుత్వ కాగితాల్లో మొదటి రకం రాయి ఖనిజ సంపద, రెండో రకం రాయి వారసత్వ సంపద. ఒకదాని లెక్క గనుల శాఖ రాస్తుంది, రెండోదాని లెక్క పురావస్తు శాఖ రాస్తుంది. రెండు లెక్కల్లోనూ రాయి వుంటుంది. రాయి దగ్గరి మనిషి వుండడు.

ఈ వ్యాసంలో మేము చర్చకు పెడుతున్నది రెండో రకం రాయిని. బౌద్ధ శిలలను కాపాడుతున్నామని చెప్పేవాళ్లు ఆ శిలలమీది మాటను కాపాడుతున్నారా అన్నది మా మొదటి ప్రశ్న. ఆ శిలలు మావి అని చెప్పుకునే దళిత ఉద్యమం ఆ మాటను చివరిదాకా చదివిందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడానికి ఎర్రగుడి బండ ఒక్కటే చాలదు. నందికొట్కూరు చుట్టుపక్కల కృష్ణ నీళ్లకింద పోయిన ఊర్లను కూడా పక్కన పెట్టుకొని చదవాలి. ఎందుకో ముందుముందు చెప్తాం.

ఒక మార్కు బండ

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, గుత్తినుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరికి దగ్గర్లో ఎర్రగుడి వుంది. అక్కడి గుట్టమీది బండలపై అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, రెండు చిన్న శిలాశాసనాలూ ఒకే చోట వున్నాయి. అదే పత్తికొండ ప్రాంతంలో రాజులమందగిరి అనే చోట, రామలింగేశ్వర గుడి దగ్గరి బండమీద, చిన్న శిలాశాసనాల ఇంకో ప్రతి వుంది. తూర్పున కడప వైపు పోతే నందలూరు దగ్గర ఆడపూరులో బౌద్ధ శిథిలాలున్నాయి. అంటే కరువుసీమ అని పేరుపడ్డ ఈ నేల బౌద్ధానికి పొరుగూరు కాదు, సొంతూరే.

ఎర్రగుడి శాసనాలు 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడ్డాయని పుస్తకాలు చెప్తాయి. "కనుగొన్నారు" అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆ బండల మధ్య గొర్రెలు మేపుకున్నవాళ్లు, కట్టెలు ఏరుకున్నవాళ్లు అంతకుముందు లేరా? వున్నారు. వాళ్లు చూశారు, చదవలేకపోయారు. చదువు ఎవరి చేతిలో వుంటే కనుగొనడం వాళ్ల పేరుమీద పడుతుంది. ఇది ఒక్క ఎర్రగుడి సంగతి కాదు, మన చరిత్ర రచన అంతటా నడిచిన పద్ధతి.

శాసన పండితులు చేసిన పనిని మేము తక్కువ చేయడంలేదు. డి.సి. సర్కార్ వంటివాళ్లు ఈ బ్రాహ్మీ శాసనాలను అక్షరం అక్షరం చదివి విప్పకపోతే ఈ వ్యాసమే లేదు. వాళ్ల శ్రమవల్ల తెలిసిన ఒక విశేషం చూడండి. ఎర్రగుడిలోని మొదటి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి పోతే, కొన్ని కుడినుంచి ఎడమకు వస్తాయి. దుక్కి దున్నేటప్పుడు కాడెద్దులు చాలు చివర మలుపు తిరిగి వచ్చినట్టు. అశోకుడి శాసనాల్లో ఇట్లా రాసింది ఇక్కడే. ఈ విషయంమీద పండితులు చాలా రాశారు. వచ్చిన చిక్కు వేరే. లిపి దిక్కు గురించి జరిగినంత చర్చ మాట దిక్కు గురించి జరగలేదు. ఆ మాట ఎవరివైపు తిరిగి వుంది, ఎవరికి వీపు పెట్టి వుంది అనే ప్రశ్న మన కాలేజీల్లోకి రాలేదు.

మన విద్యార్థులకు ఎర్రగుడి ఎట్లా పరిచయమవుతుంది? గ్రూప్ పరీక్షల గైడులో ఒక బిట్టుగా. ఎర్రగుడి శాసనం ఏ జిల్లాలో వుంది? కర్నూలు. ఒక మార్కు. ఆ మార్కుతో ఆ బండ పని అయిపోతుంది. అశోకుడు చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు అని స్కూలు పుస్తకం చెప్తుంది. బావులు తవ్వించిన రాజు గురించి చదివిన పిల్లోడు, తన ఊర్లో ఏ బావి దగ్గర ఎవరు దూరంగా నిలబడాల్సి వచ్చిందో ఆ పాఠంలోనే మాట్లాడే వీలు వుండదు. పాఠం వేరు, ఊరు వేరు.

చిన్నవాని పేరు

మొదటి చిన్న శాసనంలో ఒక మాట వుంది. ఖుదక. పాళీలో ఖుద్దక. చిన్నవాడు, అల్పుడు అని అర్థం. గట్టిగా పూనుకుంటే వచ్చే ఫలం పెద్దవాళ్లకే పరిమితం కాదనీ, చిన్నవాడు కూడా పూనుకుంటే గొప్ప స్వర్గాన్ని అందుకోగలడనీ, చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఇద్దరూ పూనుకోవాలనే ఈ ప్రకటన చేశాననీ ఆ శాసనం సారం. ఎర్రగుడిలోనూ, రాజులమందగిరిలోనూ ఇదే వుంది.

ఈ మాట విలువ తెలియాలంటే దీన్ని మనుస్మృతి పక్కన పెట్టి చూడాలి. అక్కడ చిన్నవాడి పని పైమూడు వర్ణాలకు సేవ. వాడికి దక్కే ఫలం ఆ సేవనుంచే. వాడు సొంతంగా పూనుకోవడమే నేరం. ఇక్కడ చిన్నవాని పూనికే ఫలానికి దారి. పుట్టుక ప్రస్తావన లేదు, పూనిక ప్రస్తావన వుంది. మా ఇండ్లలో అక్షరం మాతోనే గడప దాటి లోపలికి వచ్చింది. అట్లాంటి ఇండ్లనుంచి వచ్చి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న మాకు, పత్తికొండ బండమీద ఆ మాట వుందని తెలిసినప్పుడు కలిగిన ఆలోచన చిన్నది కాదు. అయితే ఆ సంతోషం దగ్గరే ఆగితే అది విమర్శ కాదు, భజన అవుతుంది.

అదే బండ చుట్టూ ఇప్పుడు ఏం జరుగుతున్నదో చూడాలి. తొలకరి వాన పడితే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లోకి జనం వజ్రాల కోసం వస్తారు. కర్నూలు, అనంతపురం పల్లెలనుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి, నడుములు వంచి, ఎర్రమట్టిలో మెరిసే రాయికోసం వెతుకుతాయి. పంట నమ్మకం ఇవ్వని నేలలో రాయి నమ్మకం ఇస్తున్నది. ఇంకోవైపు జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ బంగారు గని వచ్చింది. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరే అని కొందరు చరిత్రకారుల వాదన, కాదని ఇంకొందరి వాదన. ఏదైనా కానీ, ఖుద్దకుడు ఇప్పటికీ అదే గుట్టకింద వంగి వున్నాడు. శాసనం వాడికి స్వర్గం చెప్పింది. భూమి చెప్పలేదు.

శాసనం చెప్పనిది

అంచేత శాసనాన్ని తిరగేసి చదవాలి. తొమ్మిదో, పదకొండో, పదమూడో శాసనాల్లో దాసులనూ, భృత్యులనూ సరిగా చూసుకోవడం ధర్మం అని వుంది. రెండువేల ఏండ్ల కిందట ఒక రాజు ఈ మాటను రాయిమీద పెట్టడం మామూలు విషయం కాదు, ఒప్పుకుంటాం. కానీ దాసులను బాగా చూడమన్నాడే తప్ప దాసులు వుండగూడదని అనలేదు. ఇది దయ. హక్కు వేరు. దయ ఇచ్చేవాడి చేతిలో వుంటుంది, హక్కు తీసుకునేవాడి చేతిలో వుంటుంది. మన పల్లెల్లో జీతగాళ్లను "బాగానే చూసుకున్నాం" అని చెప్పుకునే దొరలకు ఈ శాసనం పెద్దగా ఇబ్బంది పెట్టదు.

రెండో చిన్న శాసనం ఇంకా తేటగా చెప్తుంది. తల్లిదండ్రులను గౌరవించండి, ప్రాణులపట్ల దయ చూపండి, నిజం చెప్పండి, శిష్యుడు గురువును గౌరవించాలి అనేవి అందులోని విషయాలు. ఇవన్నీ పురాతనమైన పద్ధతి ప్రకారం జరగాలంటుంది. ఏనుగులెక్కేవాళ్లకు, లేఖకులకు, బ్రాహ్మణులకు ఈ ఆజ్ఞ అందాలంటుంది. వాళ్లు తమ తమ శిష్యులకు నేర్పాలంటుంది. నేర్పేవాళ్ల జాబితా వుంది. నేర్చుకునేవాళ్లలో ఖుద్దకుడి పిల్లోడు వున్నాడా? జాబితా చెప్పదు. మొదటి శాసనంలో పూనుకొమ్మన్న చిన్నవాడు రెండో శాసనంలో బడి దాకా వచ్చేసరికి కనపడడు. రెండు శాసనాలూ ఒకే గుట్టమీద వున్నాయి. వాటి మధ్య వున్న ఈ ఖాళీని చదవడమే మన పని.

ఈ ఆజ్ఞ జనానికి చేరే దారి కూడా అందులో వుంది. రజ్జుకుడనే అధికారికి చెప్పాలి, అతను భేరి మోగించి జనపదానికి చెప్తాడు. రజ్జువంటే తాడు. భూమి కొలిచే తాడు పట్టినవాడు రజ్జుకుడని చరిత్రకారుల అభిప్రాయం. అంటే భూమి కొలిచేవాని చేతినుంచి, డప్పు మోతతో, రాజు మాట పల్లెకు దిగుతుంది. ఆనాటి భేరి మన తప్పెట ఒకటే అనడం చరిత్ర కాదు. కానీ ఈ ఏర్పాటు మాత్రం మనకు కొత్త కాదు. సర్కారు మాటను ఊరికి చాటింపు వేసే పని మాదిగోని మెడకు తగిలించి, ఆ మాటలో వానికి మాత్రం వాటా లేకుండా చేసిన వ్యవస్థ మన తాతల కాలం దాకా నడిచింది. మోసే భుజం వానిది, మాట ఇంకొకనిది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఆ డప్పునే తిప్పి పట్టింది, సర్కారు మాటకు బదులు సొంత మాటను చాటింది. రాజకీయంగా ఆ ఉద్యమంతో ఎవరికి ఎన్ని తేడాలున్నా, డప్పు దిక్కు మారిన ఆ సందర్భాన్ని శాసనాలు చదివే విద్యార్థి మర్చిపోగూడదు.

ఇక పదమూడో శాసనం. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారనీ, లక్షా యాభైవేల మందిని అక్కడినుంచి తరలించుకుపోయారనీ, అందుకు తాను బాధపడుతున్నాననీ అశోకుడు చెప్పుకున్న శాసనం ఇది. అందులోనే అడవి జనానికి హెచ్చరిక కూడా వుంది. బాధపడుతున్నా దండించే శక్తి తనకుందని గుర్తు చేస్తాడు. ఈ శాసనం ఎర్రగుడిలో వుంది. కళింగలోనే లేదు. ధౌళిలో, జౌగఢలో పదకొండు, పన్నెండు, పదమూడో శాసనాలు తీసేసి, వాటికి బదులు మనుషులందరూ నా బిడ్డలే అనే వేరే శాసనాలు పెట్టారు. దెబ్బతిన్న నేలమీద రాజ్యం తన తప్పు లెక్క రాయలేదు. ఆ లెక్కను దూరంగా, మన పత్తికొండ వైపు రాసింది. తరలించిన జనానికి తండ్రి మాట, తరలింపు చూడని జనానికి పశ్చాత్తాపం. ఈ పద్ధతిని పట్టుకొనే మేము నందికొట్కూరుకు వస్తున్నాం.

నంబరు వేసిన రాయి, నంబరు లేని మనిషి

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నిలవడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ, తుంగభద్ర ఒడ్డునున్న వంద దాకా పల్లెలు పోయాయి. లక్షకు పైగా జనం ఇండ్లు వదిలారు. 1981లో ఊర్లను ఖాళీ చేయించిన తీరు ఆ కాలపు హక్కుల సంఘాల నివేదికల్లో వుంది. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు పల్లెల పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వుంది.

ఆ పల్లెలతోపాటు గుడులు కూడా ముంపులో పడ్డాయి. పురావస్తు శాఖవాళ్లు వచ్చారు. ఎంచుకున్న గుడులను రాయి రాయిగా విప్పారు. రాళ్లకు గుర్తులు వేశారు. కూడవెల్లి సంగమేశ్వర గుడిని అలంపురానికి మోసుకుపోయి తిరిగి నిలబెట్టారు. రూపాల సంగమేశ్వర గుడిని కర్నూలు పక్కన జగన్నాథగట్టుకు ఎక్కించారు. అలంపురం నవబ్రహ్మ గుడులకు నీళ్లు తగలకుండా కట్ట కట్టారు. ఇదంతా మంచి పనే. పాత రాయి నీళ్లపాలు కావాలని ఎవరూ కోరుకోరు. గుడి రాయిని విప్పేటప్పుడు ఏ రాయి ఏ వరసలో వుండేదో, ఏ రాయి పక్కన ఏ రాయి వుండేదో రాసుకున్నారు. మరి మనిషి పక్కన ఏ మనిషి వుండేవాడో ఎవరైనా రాసుకున్నారా?

ఇది ఉద్రేకంతో వేసిన ప్రశ్న కాదు, చట్టాన్ని చదివితే వచ్చే ప్రశ్న. ఆనాడు అమల్లో వున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అది పరిహారం లెక్క కట్టేది భూమికీ, భూమిలో హక్కున్నవానికీ. పట్టా వున్న రైతు కాగితం చూపెట్టగలడు. ఆ రైతు చేలో తరాలుగా కూలి చేసిన మాల మాదిగ కుటుంబం ఏ కాగితం చూపెట్టాలి? నది ఒడ్డున ఒండ్రులో దోసకాయ, పుచ్చకాయ వేసుకొని బతికినవాడు, చేపలు పట్టినవాడు, ఊరికి చెప్పులు కుట్టి గింజలు తెచ్చుకున్నవాడు ఏ సర్వే నంబరులో వుంటాడు? రైతు భూమి పోగొట్టుకున్నాడు. కూలి మనిషి ఆ భూమిమీది పనినీ, ఊరితో వున్న సంబంధాన్నీ, గింజల హక్కునూ కలిపి పోగొట్టుకున్నాడు. రజ్జుకుని తాడు కొలవగలిగింది భూమినే. తాడుకు అందనిది పరిహారంలోకి రాలేదు.

1986లో ప్రభుత్వం 98వ నంబరు జీవో ఇచ్చింది. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్నది దాని సారం. ఆ జీవో పేరు పట్టుకొని ధర్నాలు చేసిన తరం తర్వాత తరం కూడా దర్ఖాస్తులు పట్టుకొని తిరిగింది. కర్నూలు కలెక్టరేటు దగ్గర "తొంభై ఎనిమిది" అంటే వేరే వివరణ అక్కర్లేదు. గుడి రాయికి వేసిన నంబరు దాన్ని మళ్లీ నిలబెట్టడానికి. మనిషికి ఇచ్చిన నంబరు జీవో నంబరు ఒక్కటే.

మహాశివరాత్రి దాటి నీళ్లు తగ్గేకొద్దీ సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. వేపలింగం దర్శనం అని పేపర్లలో ఫోటో పడుతుంది, జనం పోతారు, పూజలు జరుగుతాయి. నీళ్లు ఇంకా తగ్గితే పాత ఊర్ల పునాది రాళ్లు కూడా తేలుతాయి. వాటికి ఫోటో లేదు. ఈ ప్రాంతంలో నీళ్ల గురించి జరిగే రాజకీయమంతా పోతిరెడ్డిపాడునుంచి ఎన్ని వేల క్యూసెక్కులు, ఎన్ని టీఎంసీలు అనే లెక్కమీదే నడుస్తుంది. సీమకు నీళ్లు రావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ నీళ్లకింద ఎవరి ఇల్లుందో చెప్పకుండా నీళ్ల హక్కు గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

కృష్ణ కింది వైపున నాగార్జునకొండలో ఇదే పద్ధతి అంతకుముందే నడిచింది. 1926లో బయటపడిన ఆ లోయలో లాంగ్‌హర్స్ట్ 1927నుంచి 1931 దాకా తవ్వాడు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. నీళ్లు వచ్చేలోపల 1954నుంచి 1960 దాకా లోయనంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదా, అనుపు ఒడ్డునా తిరిగి కట్టారు. 1966లో మ్యూజియం తెరిచారు. ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక కట్టించినవాటి పట్టిక అక్కడి శాసనంలో వుంది. ఒక ఆడమనిషి పేరు పదిహేడొందల ఏండ్లకు పైగా నిలిచింది. ఆ లోయలో ఇరవయ్యో శతాబ్దంలో బతికి ఖాళీ చేసిన ఆడవాళ్ల పేర్లు ఏ రాయిమీద వున్నాయి? కాపాడటం అనే మాటలోనే ఎంపిక వుంది. ఎంపిక చేసేవాడు ఎవడు అన్నదే రాజకీయం.

చమ్మకారుని పూర్ణఘటం

బౌద్ధ శిలల్లో రాజుల రాళ్లే కాదు, మామూలు మనుషుల రాళ్లు కూడా వున్నాయి. అమరావతి స్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్లలో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, చేతిపనులవాళ్లు వున్నారు. అందులో ఒక శాసనాన్ని మన బళ్లలో ప్రతి పిల్లోనికీ చెప్పాలి. విధికుడనే చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగునితో, కూతుళ్లతో కలిసి, పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు. ఆ శాసనం అతని తండ్రిని నాగ ఉపాధ్యాయుడని చెప్తుంది. తోలుపనివాని తండ్రి గురువు. తోలుపనివాడు దాత. అతని పేరూ, వృత్తి పేరూ పవిత్ర స్థలంలో సిగ్గు లేకుండా పక్కపక్కన వున్నాయి.

విధికుణ్ణి నేటి మాదిగ అనడం మా ఉద్దేశం కాదు. ఆనాటి వృత్తినీ ఈనాటి కులాన్నీ ఒకే గాటన కట్టలేం. మాకు ముఖ్యమైనది ఏమంటే, తోలుపనికీ అంటరానితనానికీ మధ్య ముడి ప్రకృతి వేసింది కాదు. తోలు ముట్టిన చేత్తోనే పూర్ణఘటం ఇచ్చిన కాలం ఈ తెలుగు నేలమీదే వుండింది. అది తెగిపోయింది. ఎట్లా, ఎవరివల్ల తెగిపోయిందనేది చరిత్ర విద్యార్థి వెతకాల్సిన ప్రశ్న.

ఆ స్తూపం గతి అందరికీ తెలిసిందే. 1797లో మెకంజీ చూసేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరు కట్టడానికి రాళ్లు తవ్వుకుపోతున్నారు. సున్నానికి కాల్చినవి కొన్ని. 1845లో ఎలియట్ తవ్వించినవి మద్రాసుకు పోయి, అక్కడినుంచి 1859లో లండన్ చేరాయి. మిగిలినవాటి పేరు ఇప్పుడు రాజ్యానికి గౌరవం తెస్తున్నది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పకళ ఆధారంగా అధికారిక చిహ్నాన్ని ప్రకటించింది. దాని నడుమ పూర్ణఘటం వుంది. విధికుని పలకనుంచే దాన్ని తీసుకున్నారని మేము అనడంలేదు. కానీ తోలుపనివాడు దానమిచ్చిన గుర్తు ఇప్పుడు ప్రతి సర్కారు కాగితంమీదా వుంది. ఆ కాగితంతోనే కులం సర్టిఫికెట్టూ వస్తుంది. ఈ రెంటినీ కలిపి చదవడం నేర్చుకోవాలి. అమరావతి వున్న ఆ పాత గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టులో చుండూరు జరిగిందని కూడా మర్చిపోకుండా చదవాలి.

రాయి ఒక్కటే హామీ కాదు

ఇక్కడ మనవాళ్లతో కొంచెం మాట్లాడాలి. బౌద్ధ శిల కనపడితే చాలు, అక్కడ సమత్వం వుండిందని రాసే అలవాటు మన పత్రికల్లో వుంది. దీనికి ఎదురు ఉదాహరణ బౌద్ధ దేశంలోనే వుంది. జపాన్‌లో క్యూషూ దీవి తూర్పున ఓయితా ప్రాంతపు పల్లెల్లో కొండరాతిలో చెక్కిన బుద్ధులున్నారు. ఉసుకి బుద్ధులను ఆ దేశం 1995లో జాతీయ సంపదగా ప్రకటించింది. పొలం గట్లమీద, దారి మలుపుల్లో చిన్న చిన్న రాతి బోధిసత్వులు నిలబడి వుంటారు. చూసేవాళ్లకు శాంతి కలుగుతుంది. అదే దేశంలో బురాకు జనం వున్నారు. తోలుపని, పశువుల కోత, శవాల పనితో ముడిపెట్టి ఊరవతల వుంచిన జనం. 1871లో చట్టం వాళ్లమీది ముద్ర తీసేసింది. కానీ చచ్చిపోయినవాళ్లకు బౌద్ధ గుడులు పెట్టే పేర్లలో, బురాకు మనుషులకు పశువు అనీ, తోలు అనీ అర్థమొచ్చే అక్షరాలు కలిపి సమాధి రాళ్లమీద చెక్కారు. కొన్నింటిలో "సెందర" అనే మాట వుంది. అది మన చండాల శబ్దమే. మన దేశంనుంచి బౌద్ధ గ్రంథాల మూటలో సముద్రం దాటిపోయి, అక్కడ తోలుపనివాని సమాధిమీద కూర్చుంది.

1979లో అమెరికాలో జరిగిన ఒక ప్రపంచ మత సమావేశంలో సోటో శాఖ ప్రతినిధి మచిదా, జపాన్‌లో అట్లాంటి వివక్షే లేదన్నాడు. బురాకు విముక్తి ఉద్యమం పట్టుపట్టి నిలదీసింది. ఆ తర్వాతే ఆ శాఖ తప్పు ఒప్పుకొని, గుడుల రికార్డులనూ, సమాధి రాళ్లనూ వెతికి సరిదిద్దే పనికి దిగింది. అమరావతిలో తోలుపనివానికి గౌరవమిచ్చిందీ బౌద్ధ శిలే, జపాన్‌లో తోలుపనివాణ్ణి అవమానించిందీ బౌద్ధ శిలే. తేడా రాయిలో లేదు. ఆ రాయి చుట్టూ వున్న సంఘంలో వుంది. అవమానాన్ని రాయిమీదనుంచి తీసేయించింది కూడా కరుణ కాదు, ఉద్యమం.

అంటరానివాళ్లు ఒకప్పటి బౌద్ధులే అనే వాదనను అంబేడ్కర్ 1948లో పుస్తకంగా పెట్టాడు. ఆధారాలు తెగిపోయిన చోట ఊహతో అతకాల్సి వచ్చిందని ఆయన దాచుకోలేదు. దాన్ని పరిశీలనకు పెట్టిన ప్రతిపాదనగానే చదవాలి. మనం దాన్ని రక్త సంబంధంగా మార్చి, ఎర్రగుడి మా తాతలది, అమరావతి మా తాతలది అని సర్దుకుంటున్నాం. తాతల ఆస్తి అని వాదించడం బ్రాహ్మణీయ పద్ధతే. గోత్రం చెప్పి హక్కు అడగడం లాంటిదే. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేసింది వేరు. ఆయన వారసత్వం చెప్పుకోలేదు, నిర్ణయం తీసుకున్నాడు. పుట్టుకతో వచ్చినదాన్ని వదిలి, ఆలోచించి ఎంచుకున్నదాన్ని పట్టుకున్నాడు. ఖుద్దకుడు పూనుకోవడం అంటే అదే. అశోకుడు స్వర్గం దగ్గర ఆపిన మాటను ఆయన హక్కుల దాకా నడిపించాడు.

చేయాల్సిన పనులు

టీచర్లకూ, కార్యకర్తలకూ మేము కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాం. ఎర్రగుడి శాసనాల పూర్తి సారం తెలుగులో, ఆ బండల దగ్గరే, పశువులు మేపుకునే మనిషి కూడా చదివి అర్థం చేసుకునే భాషలో వుండాలి. అందులో ఖుదక అనే మాట పెద్ద అక్షరాల్లో వుండాలి. దాసుల గురించి చెప్పినదీ, చెప్పనిదీ రెండూ వుండాలి. జగన్నాథగట్టులో, అలంపురంలో తిరిగి కట్టిన గుడుల పక్కన, ఆ గుడులు ఏ ఊర్లనుంచి వచ్చాయో ఆ ఊర్ల పేర్లతో ఒక పలక నిలబెట్టాలి. దానికి రాయి వెతకనక్కర్లేదు, బేతంచెర్ల పక్కనే వుంది. ముంపు పల్లెల మాలమాదిగవాడల పెద్దవాళ్ల దగ్గరికి డిగ్రీ విద్యార్థులు పోయి, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో, ఎవరు ఏ పని చేసేవాళ్లో, ఎవరికి ఎంత వచ్చిందో, ఎవరికి ఏమీ రాలేదో రాసుకోవాలి. గుడి రాళ్లకు చేసిన పని మనుషులకు ఇంకా చేయొచ్చు. ఆ పెద్దవాళ్లు వుండగానే చేయాలి. 1981లో పదేండ్ల పిల్లోనికి ఇప్పుడు యాభై దాటాయి.

విధికుని శాసనం ఐదో తరగతి పుస్తకంలో వుండాలి. దాన్ని చెప్పే పంతులు, చెప్పులు కుట్టేవాళ్ల బిడ్డ తరగతిలో ఎక్కడ కూర్చున్నాడో చూసి చెప్పాలి.

అశోకుని లేఖకుల్లో ఒకని పేరు మనకు తెలుసు. చపడుడు. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం చివర తన పేరు రాసుకున్నాడు. ఎర్రగుడి బండను చదును చేసినవాని పేరు, ఉలి పట్టినవాని పేరు, ఆ ఎండలో వానికి నీళ్లు మోసినామె పేరు ఎక్కడా లేవు. శాసనం చిన్నవాణ్ణి పూనుకొమ్మంది కానీ, తనను చెక్కిన చిన్నవాని పేరు చెక్కలేదు. ఆ పేరు మనం కల్పించలేం. కానీ ఇకముందు రాసే చరిత్రలో అట్లాంటి పేరు తప్పిపోకుండా చూసుకోగలం. నందికొట్కూరు ముంపు పల్లెలనుంచి ఆ పని మొదలుపెట్టొచ్చు.